ఎండలు ముదరడానికి కారణం భూమి కక్ష్యా, మన పొగా? (ఊళ్ల పేర్లతో రాసుకున్న ముగ్గురి వాదన)

కొత్తపట్నం: రోహిణి కార్తెలో ఒంగోలు ఎండ కొత్తదేం కాదు. మంచు యుగాలను మనుషులు తెచ్చారా, మనుషులు పోగొట్టారా? భూమి అక్షం 22.1 నుంచి 24.5 డిగ్రీల మధ్య 41,000 ఏళ్లకోసారి ఊగుతుంది, కక్ష్య లక్ష ఏళ్లకోసారి సాగి మళ్లీ గుండ్రమవుతుంది. సెర్బియా శాస్త్రవేత్త మిలాంకోవిచ్ 1941లోనే ఇదంతా లెక్కగట్టి పుస్తకం వేశాడు. అప్పుడు లేని పొగ మీద ఇప్పుడు నేరం ఎందుకు?

పెన్నా ఒడ్డు: అన్నా, ఆ లెక్క సరైందే, సముద్రం అడుగు మట్టిని పరీక్షించి 1976లో రుజువు కూడా చేశారు. కానీ అదే లెక్క ఇప్పటికేం చెబుతోందో చూడు. అక్షం వంపు 23.4 డిగ్రీల దగ్గరుంది, తగ్గుతోంది, అంటే ఉత్తరాన వేసవి ఎండా తగ్గాలి. సూర్యుడికి మనం బాగా దగ్గరయ్యేది జనవరి మొదట్లో, అంటే ఉత్తరాన వేసవి వచ్చేసరికి దూరంగా ఉంటాం. మంచు పోగుపడేది చలికాలం చలి వల్ల కాదన్నా, వేసవిలో కరక్కపోవడం వల్ల. కాబట్టి కక్ష్య ప్రకారమైతే మెల్లగా చల్లబడాలి.

ఎంత మెల్లగా అంటే, మన సంక్రాంతినే చూడు. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లో, మనం పండగ చేసేది జనవరి 14న. సుమారు 1,700 ఏళ్ల కింద రెండూ ఒకే రోజు. అక్షం బొంగరంలా తిరగడం వల్ల 70 ఏళ్లకు ఒక్క రోజు చొప్పున జరిగాయి. ఆ 70 ఏళ్లు కూడా నిండకముందే గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో 315 నుంచి 420 దాటింది.

కొత్తపట్నం: సంక్రాంతి సంగతి ఒప్పుకుంటా తమ్ముడూ. మరి అంటార్కిటికా పాత మంచు పొరల్లోని ఆనవాళ్లు చూస్తే ముందు వేడి, తర్వాత కార్బన్ పెరిగినట్టుందే?

సూళ్లూరుపేట: మొదలుపెట్టింది కక్ష్యే సార్. కానీ కక్ష్య ఎంత మారినా భూమికి ఏడాది మొత్తం మీద అందే ఎండ దాదాపు అంతే, ఏ కాలంలో ఎక్కడ పడుతుందన్నదే మారుతుంది. కాస్త వేడెక్కిన సముద్రం లోపలి కార్బన్‌ను వదిలింది, దాంతో వేడి ఇంకా పెరిగింది. అలా గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో 180 నుంచి 280కి చేరడానికి వేల ఏళ్లు పట్టింది. 21,000 ఏళ్ల కింద మంచు యుగం ముదిరినప్పుడు నీళ్లు నేల మీద మంచుగా గడ్డకట్టి సముద్రం 120 మీటర్లు కిందుండేది, మా పులికాట్ సరస్సు అప్పటికి పుట్టనే లేదు.

కొత్తపట్నం: సరే, పది లక్షల ఏళ్ల కిందటి దాకా 41,000 ఏళ్లకోసారి వచ్చిన మంచు, తర్వాత లక్ష ఏళ్లకోసారి ఎందుకొచ్చింది? కక్ష్య మారలేదుగా.

పెన్నా ఒడ్డు: దానికి శాస్త్రవేత్తల్లోనే ఇంకా ఏకాభిప్రాయం లేదన్నా. మంచు గుట్టల మందం అంటారు కొందరు, కార్బన్ తగ్గడం అంటారు ఇంకొందరు. కక్ష్య మారకుండానే వాతావరణం మారిందని ఇప్పుడు నువ్వే అన్నావు, నేను మొదటినుంచి చెబుతున్నదీ అదే.