బడి వదిలాక సైన్సు: మ్యూజియంతో బస్తీ సంఘం కలిసి పనిచేయడం ఎలా?

ప్రశ్న (బస్తీ యువజన సంఘం సభ్యుడు):
హైదరాబాదులోని మా బస్తీ కమ్యూనిటీ హాలుకు ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఇరవై మందిదాకా రోజూ సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర వరకు చదువుకోవడానికి వస్తారు. నిరుడు వారిని ఒక మ్యూజియానికి తీసుకువెళ్లాము. రెండు గంటల్లో గదులన్నీ చుట్టి వచ్చారు గాని, మర్నాడు ఏం చూశారని అడిగితే డైనోసార్ అన్న మాట తప్ప మరేమీ రాలేదు. ఏడాది పొడవునా మ్యూజియంతో కలిసి నడిచే ఏర్పాటు కావాలని మా కోరిక. ఎవరిని, ఏమని అడగాలి?

సమాధానం (మ్యూజియంలో గైడుగా పనిచేసినవారు):
సందర్శనకు అనుమతి కోరడంతో ఆగకుండా, నెలకు రెండు సాయంత్రాలు ఒక మనిషిని, ఒక పెట్టె పరికరాలను మీ హాలుకు పంపగలరా అని అక్కడి విద్యా విభాగం వారిని అడగండి. ఇది కొత్త కోరికేమీ కాదు. కోల్‌కతాలోని బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం 1965లోనే ప్రదర్శనలను బస్సెక్కించి ఊళ్లకు పంపడం మొదలుపెట్టింది. అయితే బస్సు వచ్చి వెళ్లిపోతుంది, తరువాతి వారం కూడా పిల్లలను కూడగట్టవలసింది మీ సంఘమే.

మీ పిల్లలకు గుర్తున్న డైనోసార్‌తోనే ఆరంభించండి. హైదరాబాదులోని బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ ఎముకలు పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికాయి. దాని పొడవు సుమారు 9 మీటర్లని అంచనా. ఆ పొడవును ముందుగా మీ హాలు నేలమీద సుద్దముక్కతో పిల్లలచేతే గీయించి, ఆ తరువాత అస్థిపంజరం ముందుకు తీసుకువెళితే, వారి చూపే వేరుగా ఉంటుంది.

సమాధానం (విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని):
వచ్చే మనిషి ఉపన్యాసం ఇవ్వకూడదని ముందే మాట తీసుకోండి, బడిలో అది ఉదయం నుంచీ వింటూనే ఉంటారు. నేను ఒకసారి అట్టపెట్టెకు ఒకవైపు సూదితో బెజ్జం చేయించి, ఎదుటివైపు నూనె రాసిన కాగితం అంటించి, కొవ్వొత్తి వెలిగించాను. మంట తలకిందులుగా కనిపించింది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఆ బెజ్జాన్ని పెన్సిలు మొనతో పెద్దది చేయగా, బొమ్మకు వెలుగు పెరిగి అంచులు చెదిరిపోయాయి. కారణం చెప్పకుండా ఊరుకోవడం నాకు ఎంతో కష్టమైంది గాని, కాసేపటికి ఆ అమ్మాయే నేలమీద గీతలు గీసి తోటివారికి వివరించింది.

సమాధానం (మహిళా సంఘంలో ఉన్న ఒక తల్లి):
బాబూ, చలికాలంలో ఆరున్నరకు బాగా చీకటి పడుతుంది కాబట్టి అప్పుడు అరగంట ముందే ముగించండి, లేకపోతే ఆడపిల్లలు మానేస్తారు. మ్యూజియానికి వెళ్లే రోజున ఇద్దరు తల్లులను కూడా వెంట తీసుకువెళ్లండి. ఏం నేర్పుతున్నారో మాకు తెలిస్తే, ఇంట్లో పని ఉన్నా పిల్లలను పంపుతాము.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. సోమవారం విద్యా విభాగానికి ఉత్తరం ఇస్తాము. అమ్మా, మీరన్నట్లు దీపావళి తరువాత ఆరింటికే ముగిస్తాము. సుద్దగీతకు మాత్రం హాలు సరిపోదు, తోక వరండాలోకి వస్తుంది.