వియన్నాలో వయొలిన్ పెర్ఫార్మెన్స్ చదవాలని ఉంది. ఊరిని చూసి వెళ్లాలా, గురువుని చూసి వెళ్లాలా?

నాలుగుతీగలు:

అందరికీ నమస్కారం. నేను వెస్టర్న్ వయొలిన్ వాయిస్తాను. లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల సంగీత పరీక్షల్లో చివరిదైన ఎనిమిదో గ్రేడు డిస్టింక్షన్‌లో అయింది. ప్రస్తుతం బీకాం రెండో సంవత్సరం. అకౌంటెన్సీ క్లాసులో కూర్చున్నా నా ఎడమచేతి వేళ్లు బల్ల మీద థర్డ్ పొజిషన్‌కి జారుతూనే ఉంటాయి, కాబట్టి ఇక ఇంట్లో చెప్పేశాను, సంగీతమే చదువుతానని.

వియన్నా మీద మనసు పడింది. ఎటు చూసినా కచేరీలే, ఒపెరాలే అంటారు కదా. అలాంటి ఊళ్లో ఉంటే సగం సంగీతం గాలిలోనే వచ్చేస్తుందని నా ఆశ. నాన్న మాత్రం "ఒక్కదానివే అంత దూరమా? చదివాక ఏం చేస్తావు?" అని రెండే ప్రశ్నలు అడిగి ఊరుకున్నారు. రెంటికీ నా దగ్గర సరైన జవాబు లేదు.

ఎనిమిదో గ్రేడు సరిపోతుందా? జర్మన్ ఎంత రావాలి? ఖర్చు ఎంత? అన్నిటికంటే ముఖ్యంగా, ఊరి వల్ల నిజంగా అంత తేడా ఉంటుందా? అక్కడ చదివినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఆల్టోక్లెఫ్:

చెల్లీ, నేను అక్కడే వయొలా (వయొలిన్ కంటే కాస్త పెద్దది, మంద్రంగా పలికేది) చేశాను, బ్యాచిలర్స్, మాస్టర్స్ రెండూ. ఇప్పుడు ఒక మ్యూజిక్ స్కూల్లో పిల్లలకి చెబుతూ, ఆర్కెస్ట్రాలు పిలిచినప్పుడు వెళ్లి వాయిస్తుంటాను. కాస్త పెద్ద జవాబు రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు గ్రేడు సంగతి. ఆ సర్టిఫికెట్ అక్కడ ఎవరూ అడగరు. ఇంటర్‌లో ఎన్ని మార్కులొచ్చాయో కూడా పట్టదు. ప్రవేశ పరీక్షలో ఏం వాయించావన్నదే లెక్క. బాఖ్ ఒంటరి వయొలిన్‌కి రాసిన సొనాటాల్లోంచో పార్టీటాల్లోంచో కొన్ని భాగాలు, ఒక క్లాసికల్ కన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే సోలో రచన), పంతొమ్మిదో శతాబ్దపు రొమాంటిక్ శైలి రచన ఒకటి, వేళ్ల నైపుణ్యం చూపే ఒక కాప్రీస్ లాంటివి సిద్ధంగా ఉండాలి. థియరీ, స్వరాలు విని గుర్తుపట్టే ఇయర్ టెస్టు వేరే. నీ పక్క గదిలో వార్మప్ చేస్తున్న కుర్రాడు ఆరేళ్ల వయసు నుంచీ రోజూ ఇదే పనిలో ఉండి ఉంటాడు. భయపెట్టడానికి చెప్పడం లేదు. గ్రేడు పూర్తయింది కదా అని అప్లికేషన్ పెట్టేస్తే అంత దూరం విమానం ఛార్జీ దండగ. ఎల్‌టీసీఎల్ (గ్రేడుల తర్వాత వచ్చే ట్రినిటీ డిప్లొమా) స్థాయి రిపర్టరీ, అంటే వాయించగలిగే రచనల జాబితా, చేతికి అలవాటయ్యాక వెళ్లు.

ఇక ఊరు. ఎమ్‌డీవే, అంటే వియన్నా సంగీత, రంగస్థల కళల విశ్వవిద్యాలయం, మొదలైంది 1817లో. ఇప్పుడున్న ప్రధాన ఆవరణలో పూర్వం పశువైద్య విశ్వవిద్యాలయం ఉండేది. గుర్రాలకి వైద్యం చేసిన చోట ఇప్పుడు మనం ఆక్టేవ్‌లు సాధన చేస్తాం. బయటి నుంచి వినేవాళ్లకి పెద్ద తేడా తెలియకపోవచ్చు. ఇది కాక నగరమే నడిపే ఇంకో సంగీత విశ్వవిద్యాలయం ఉంది, దాన్ని కూడా చూడు. అందరూ ఒక్కదానికే ఎగబడతారు.

ఊరు ఏమిస్తుందంటే, సాయంత్రాలు ఇస్తుంది. స్టేట్ ఒపెరాలో సెప్టెంబరు నుంచి జూన్ దాకా దాదాపు ప్రతి రాత్రీ ప్రదర్శన ఉంటుంది, అదీ రోజుకొక రచన. మంచి సీటు రెండు వందల యూరోలు దాటుతుంది. కానీ నిలబడి చూసే టికెట్లు ఉన్నాయి, విద్యార్థి భరించగలిగే ధరకి. ముందుగా లోపలికి వెళ్లి, నీ చోటు దగ్గర కమ్మీకి స్కార్ఫ్ కట్టి బయటికి పోవచ్చు. ఎవరూ దాన్ని విప్పరు. మ్యూజిక్‌ఫెరైన్ గోల్డెన్ హాల్లో కూడా వెనక నిలబడే చోటు ఉంటుంది.

నేను పై గ్యాలరీలో పక్కకి నిలబడేదాన్ని. స్టేజీ సగమే కనిపించేది. పోతే పోయింది, స్టేజీ ముందు పల్లంలో వాద్యకారులు కూర్చునే ఆర్కెస్ట్రా పిట్ కనిపించేది. వయొలా సెక్షన్లో ఒక్కొక్క స్టాండుకి ఇద్దరుంటారు కదా, పేజీ తిప్పేది లోపలివైపు కూర్చున్నవాళ్లు. ఆ మనిషి ఎప్పుడు వాయించడం ఆపుతుంది, బౌ (కమాను) ఎలా పట్టుకుని పేజీ తిప్పుతుంది, తిరిగి ఏ స్వరం దగ్గర చడీచప్పుడు లేకుండా కలుస్తుంది, ఇదే చూస్తూ ఒక అంకమంతా గడిపిన రాత్రులున్నాయి. గాయని పదం చివర కాస్త ఆలస్యం చేస్తే పిట్ అంతా బౌ వేగం తగ్గించి ఆగుతుంది. ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ చెయ్యి చూసి కాదు, ఆమె ఊపిరి విని. సోలో కన్సర్టోలే సాధన చేసేవాళ్లకి ఇది తలుపులు వేసుకున్న గదిలో ఎప్పటికీ రాదు.

అయితే గాలిలోంచి సంగీతం వచ్చేస్తుందనుకోకు. ఊరంతా కచేరీలున్నా, ప్రాక్టీసు గదికీ ఇంటికీ మధ్య తప్ప ఇంకెక్కడా అడుగు పెట్టకుండా డిగ్రీ పూర్తి చేసినవాళ్లు నా బ్యాచ్‌లోనే ఉన్నారు.

గురువు సంగతి దగ్గర నేను మొండిదాన్ని. పెర్ఫార్మెన్స్ చదువులో మిగతావన్నీ, అంటే హార్మొనీ, సంగీత చరిత్ర, ఛాంబర్ మ్యూజిక్ (కొద్దిమంది కలిసి వాయించేది), ఆర్కెస్ట్రా ప్రాజెక్టులు, చుట్టూ తిరిగే గ్రహాలు. మధ్యలో ఉండేది వారం వారం గురువుతో ఒంటరిగా జరిగే పాఠం. అక్కడ కుదరకపోతే ఊరు ఎంత గొప్పదైనా నాలుగేళ్లు నరకం. అప్లికేషన్లోనే ఎవరి క్లాసు కావాలో రాస్తాం, వాళ్ల దగ్గర ఖాళీలు కొన్నే ఉంటాయి. కాబట్టి పరీక్షకి చాలా ముందే ఈమెయిల్ రాసి, రికార్డింగ్ పంపి, ఒక్క పాఠం చెప్పమని అడగాలి. అడగడం అక్కడ మామూలే, మొహమాటపడకు.

ఎవరిని అడగాలో ఎలా తెలుస్తుంది? గురువు సీడీలు విని ఎంచుకోవద్దు. ఆయన బాగా వాయిస్తాడు, సరే, దానివల్ల నీకేంటి? శిష్యులని విను. ఒక్కొక్క గురువు క్లాసుకీ 'క్లాసెనాబెండ్' అని సాయంత్రం కచేరీలు ఉంటాయి. శిష్యులంతా వరసగా వాయిస్తారు, చాలావాటికి టికెట్టే ఉండదు. ఆవరణలోని జోసెఫ్ హైడెన్ హాల్లోనో ఇంకో చోటో వెనక వరసలో కూర్చుని, అందరిలోకి బాగా వాయించిన వాణ్ని వదిలేసి, అందరికంటే బలహీనంగా ఉన్న వాణ్ని గమనించు. ఆ పిల్లవాడి భుజాలు బిగుసుకుని ఉన్నాయా? తప్పు వచ్చినప్పుడు గురువు వైపు దొంగచూపు చూశాడా, లేక సంగీతంలోనే ఉన్నాడా? ఎనిమిదిమంది శిష్యులూ ఒకే వైబ్రాటో (స్వరాన్ని వేలితో ఊపడం) వాయిస్తుంటే నేనైతే లేచి వచ్చేస్తాను.

మెట్రోనోమ్_బాబాయ్:

అమ్మాయీ, ఎవరూ అనని మాట నేను అంటాను. పెర్ఫార్మెన్స్ డిగ్రీ పట్టుకుని బయటికొచ్చేవాళ్లు ఎంతమంది, ఆర్కెస్ట్రాల్లో ఖాళీ కుర్చీలు ఎన్ని? ఒక్క కుర్చీకి వందలమంది వస్తారు. మీ నాన్నగారి రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. ఈ రోజుల్లో పెద్ద పెద్ద గురువులు ఆన్‌లైన్‌లో చెబుతున్నారు, కచేరీలన్నీ స్ట్రీమింగ్‌లో దొరుకుతున్నాయి. బీకాం పూర్తి చేసి, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు వాయించుకో. సంగీతం ఎక్కడికీ పోదు.

పియానో_నాన్న:

మా వాడు వియన్నాలోనే పియానో చదువుతున్నాడు, కాబట్టి డబ్బు సంగతి నేను చెబుతానమ్మా. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో యూరోపియన్ యూనియన్ బయటివాళ్లకి ఫీజు సెమిస్టరుకి 726.72 యూరోలు, పైన విద్యార్థి సంఘం చందా కొంచెం. ఇక్కడి ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలతో పోలిస్తే ఫీజు భారమే కాదు. అద్దె, తిండి, ఇన్సూరెన్సు, ఇవీ భారం. రెసిడెన్స్ పర్మిట్‌కి ఏడాదికి సరిపడా డబ్బు ఉన్నట్టు చూపించాలి. 24 ఏళ్లు దాటితే చూపించాల్సిన మొత్తం దాదాపు రెట్టింపవుతుంది, వాయిదా వేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. అనుమతి తీసుకుని వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. కానీ రోజుకి ఐదు గంటలు సాధన చేసే పిల్లలకి ఆ ఓపిక ఎక్కడుంటుంది?

ఇంకోటి. ఇల్లు వెతికేటప్పుడు వాద్యం వాయిస్తానని ముందే చెప్పమనండి. మా వాడు చేరిన మొదటి ఇంట్లో కింది వాటా ఆయన చీపురు కర్రతో సీలింగ్ మీద కొట్టి బీట్ వేసేవాడు. అదీ తప్పు టెంపోలో.

ఆల్టోక్లెఫ్:

@మెట్రోనోమ్_బాబాయ్ గారూ, కుర్చీల లెక్కలో మీతో గొడవ లేదు. ఆడిషన్‌లో తెర వెనక నిలబడి స్టామిట్జ్ వయొలా కన్సర్టో మొదటి పేజీ మొదలుపెట్టిన నిమిషానికే "థాంక్యూ" అనిపించుకున్నదాన్ని నేను. అక్కడి పేరుమోసిన ఆర్కెస్ట్రా వియన్నా ఫిల్‌హార్మోనిక్‌లో చేరాలంటే ముందు స్టేట్ ఒపెరా ఆర్కెస్ట్రాలో స్థానం సంపాదించి మూడేళ్లు నిలవాలి. అంత సన్నటి దారి అది. ఆడవాళ్లని సభ్యులుగా తీసుకోవడానికే వాళ్లకి 1997 దాకా పట్టింది, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

కానీ ఆన్‌లైన్ విషయంలో మీతో ఏకీభవించలేను. స్ట్రీమింగ్‌లో కెమెరా ఎవరి మీద ఉంటే వాళ్లే కనిపిస్తారు. సెకండ్ వయొలిన్ల నాలుగో స్టాండుని ఎవరు చూపిస్తారు? ముంబయిలో పుట్టిన జుబిన్ మెహతా వియన్నాలో హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర కండక్టింగ్ నేర్చుకునే రోజుల్లో రిహార్సల్స్‌కి బయటివాళ్లని రానిచ్చేవారు కాదు. ఆయనా, తోటి విద్యార్థి క్లాడియో అబ్బాడో కలిసి ఏం చేశారంటే, ఆర్కెస్ట్రాలతో కలిసి పాడే సింగ్‌ఫెరైన్ అనే గాయక బృందంలో చేరిపోయారు. బ్రూనో వాల్టర్, కరయాన్ లాంటి పెద్ద కండక్టర్లు రిహార్సల్ ఎలా చేస్తారో ఎదురుగా నిలబడి చూడటానికి. ఊరిని వాడుకోవడమంటే అదీ.

చెల్లీ, నాన్నగారి రెండో ప్రశ్నకి ఒక మంచి జవాబు ఉంది. అదే విశ్వవిద్యాలయంలో వాద్య బోధన కోర్సు కూడా ఉంది, ఐజీపీ అంటారు. ఆస్ట్రియాలో ఊరూరా మ్యూజిక్ స్కూళ్లున్నాయి, అక్కడ ఉద్యోగానికి అది బాగా పనికొస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో సీటు రానివాళ్ల చదువు అని దాన్ని చిన్నచూపు చూసేవాళ్లుంటారు, పట్టించుకోకు. నాకు ఈ నెల జీతం ఇస్తున్నది సోలో రెసైటల్ కాదు, తొమ్మిదేళ్ల పిల్లకి బౌ పట్టుకోవడం నేర్పడం. ఆ కోర్సుకి జర్మన్ గట్టిగా రావాలి. పెర్ఫార్మెన్స్‌కైనా భాష లేకుండా వెళ్లకు. ఛాంబర్ గ్రూపులో నలుగురు వాదించుకుంటుంటే నువ్వొక్కదానివీ నవ్వు మొహం పెట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది.

నాలుగుతీగలు:

అక్కా, బాబాయ్ గారూ, అంకుల్, అందరికీ థాంక్స్. నాన్నకి చదివి వినిపించాను. చీపురు కర్ర దగ్గర నవ్వారు, శుభసూచకమే అనుకుంటున్నాను.

ఒక ఏడాది ఆగి రిపర్టరీ సిద్ధం చేసుకుందామనుకుంటున్నాను. నేరుగా పరీక్షకే వెళ్లకుండా ముందు గురువులని కలిసే దారి ఏమైనా ఉందా అక్కా? ఇంకో చిన్న సందేహం: అక్కడ శ్రుతి ఎక్కువ పెడతారట, నిజమేనా? నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ 'ఎ' స్వరం 440 హెర్ట్జ్‌కే అలవాటు.

ఆల్టోక్లెఫ్:

నిజమే, అక్కడ ఆర్కెస్ట్రాలు 443 దగ్గర శ్రుతి చేసుకుంటాయి. మూడు హెర్ట్జ్‌లే కదా అనిపిస్తుంది కానీ, చెవి 440కి బాగా పాతుకుపోయి ఉంటే మొదట్లో ప్రతి స్వరం కొంచెం చిరాకు పెడుతుంది. ఇప్పటి నుంచే ట్యూనర్ 443కి మార్చేసి వాయించు.

గురువులని కలవాలంటే వేసవి అకాడెమీకి వెళ్లు. ఎమ్‌డీవే వాళ్లదే 'ఇసా' అని ఉంది, ఆగస్టులో, వియన్నాకి దక్షిణాన సెమ్మెరింగ్ ప్రాంతంలో జరుగుతుంది. అక్కడ పాఠాలు చెబుతుండగా చూడొచ్చు, నువ్వూ వాయించొచ్చు, గురువుకి నీ మొహం గుర్తుంటుంది. దానికీ రికార్డింగ్ పంపే దరఖాస్తు చేయాలి. రికార్డింగ్‌లో ముక్కలు అతికించకు, ఒకే టేక్‌లో వాయించు. ఒక స్వరం బొంగురుపోయినా పర్వాలేదు.

వాద్యం గురించి ఒక మాట. మనది తేమ గాలి. అక్కడ చలికాలంలో హీటర్లు పెట్టాక గదిలో గాలి ఎండిపోతుంది, తీగలు బిగించే బిరడాలు జారతాయి, అతుకులు విడతాయి, ఖర్మ కాలితే పై పలక చీలుతుంది. పెట్టెలో చిన్న తేమ కొలిచే మీటరు పెట్టుకో, 40 శాతం కిందికి పోనివ్వకు. అలాగే నీ బౌ పాతదైతే, దాని కొనన ఉన్న తెల్ల ముక్క ఏనుగు దంతమేమో ఇక్కడే ఎవరైనా బౌ బాగుచేసేవాళ్లకి చూపించు. దంతమైతే కస్టమ్స్‌లో పట్టేస్తారు. ఎముకదో ప్లాస్టిక్‌దో వేయించుకుని, ఆ రసీదు పెట్టెలోనే ఉంచుకో.