ఇంటర్వ్యూ జవాబులు బట్టీ పట్టించడం మన పిల్లలకు మేలా, కీడా?

కావలి లెక్చరర్:

మా కాలేజీలో ఫైనలియర్ వాళ్లకు సీఆర్‌టీ క్లాసులు, అంటే క్యాంపస్ ఉద్యోగాల ఎంపికకు శిక్షణ, నడుస్తున్నాయి, బయటి నుంచి ట్రైనర్లు వచ్చి చెప్తున్నారు. ఆప్టిట్యూడ్ బాగానే చెప్తున్నారు, దాని మీద నాకు పేచీ లేదు. నా బాధంతా ఇంటర్వ్యూ క్లాసుల గురించి. ప్రశ్నలూ జవాబులూ ఉన్న జిరాక్స్ కాగితాలు పంచి, ఒక్కొక్కరినీ లేపి అప్పజెప్పించుకుంటున్నారు. 'నీ గురించి చెప్పు' అంటే క్లాసంతా ఒకటే జవాబు. బలం హార్డ్ వర్క్, బలహీనత 'మొదలుపెట్టిన పని అయ్యేదాకా వదలలేకపోవడం'. రెజ్యూమెలు కూడా అంతే. పైన కెరీర్ ఆబ్జెక్టివ్ అని మూడు లైన్లు, కింద తండ్రి పేరు, పుట్టిన తేదీ, హాబీలు, ఆఖర్న పైవన్నీ నిజమేనని డిక్లరేషన్. ఇంత రాసినా ఆ పిల్లవాడు ఎవరో మనకు తెలియదు.

బీకాం అమ్మాయి ఒకతి ఉంది. ఇంట్లో పొగాకు లెక్కలన్నీ తనే రాస్తుంది. ఆకు కాల్చే బ్యారన్‌కు కట్టెల ఖర్చెంత, కూలీలకెంత, కలిగిరి వేలంలో ఏ గ్రేడు బేలు ఏ రేటుకు పోయింది, బ్యాంకు అప్పు పోను చేతికేం మిగిలింది, అన్నీ నోటుబుక్కులో తారీఖులతో సహా ఉంటాయి. రెజ్యూమెలో మాత్రం ఆ ముక్కే లేదు. ఎందుకమ్మా రాయలేదంటే 'అది ఇంటి పని కదా మేడమ్' అంది. అకౌంట్స్ ఉద్యోగానికి వెళ్లే పిల్లకు అంతకంటే మంచి సాక్ష్యం ఏముంటుంది? ఈ బట్టీ పద్ధతి పిల్లల దగ్గర ఉన్నదాన్ని కూడా దాచేస్తోంది, దీన్ని ఆపాలని నా వాదన. మీరేమంటారు?

కనిగిరి కుర్రోడు, చెన్నై నుంచి:

మేడమ్, గౌరవంతోనే చెప్తున్నా, మీతో ఒప్పుకోను. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. బీటెక్‌లో క్లాసు ఇంగ్లీషులో జరిగినా మేమంతా మాట్లాడుకున్నది తెలుగే. అలాంటివాణ్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి, ఎదురుగా ముగ్గురు కూర్చుని 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' అంటే తెలిసింది కూడా నోట్లోంచి రాదు. చెమటలు పడతాయి, మాట తడబడుతుంది, ఒక్క వాక్యం తప్పుపోతే మిగతా అరగంటా పోయినట్టే. బట్టీ పట్టిన నాలుగు వాక్యాలే నా నోరు తెరిపించాయి. ఆ నాలుగూ సాఫీగా వచ్చాక గుండె కుదుటపడింది, ఐదోది సొంతంగా వచ్చింది. ఇంట్లో అమ్మానాన్నలు ఇంగ్లీషు మాట్లాడే సిటీ పిల్లలకు ఈ కాగితం అవసరం లేదు, మనవాళ్లకు ఉంది.

ఇంకోటి. పెద్ద ఐటీ కంపెనీల్లో ఫ్రెషర్ల ఎంపికలో మీరు చెప్పే 'ఎవరో తెలియడం' దాకా రావాలంటే ముందు చాలా జల్లెడలు దాటాలి. టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింట్లో 60 శాతం అడిగేవాళ్లు ఎక్కువ, బ్యాక్‌లాగులు, అంటే తప్పిన సబ్జెక్టులు, ఉండకూడదంటారు చాలామంది, తర్వాత టీసీఎస్ వాళ్ల ఎన్‌క్యూటీ లాంటి ఆన్‌లైన్ పరీక్ష. అందులో లెక్కలు, రీజనింగ్, ఇంగ్లీషు, కోడింగ్. అక్కడ మీ పొగాకు నోటుబుక్కు ఎవరూ చూడరు. ఉన్న కాస్త టైములో పిల్లలకు సాధన చేయించాలి గానీ, నీలో ఏముందో వెతుక్కో అని వదిలేస్తే సగం మంది ఏమీ లేకుండానే వెళ్తారు.

శ్రీసిటీ షిఫ్ట్ ఇన్‌చార్జి (మాది నాయుడుపేట):

నేను ఇంటర్వ్యూల్లో టేబుల్‌కి అవతలి వైపు కూర్చుని ప్రశ్నలడిగేవాణ్ని. డిప్లొమా, బీఎస్సీ, బీటెక్ మెకానికల్ పిల్లలు వస్తారు, ఎక్కువ మంది మన నెల్లూరు, ఒంగోలు, తిరుపతి వైపు వాళ్లే. కనిగిరి తమ్ముడు చెప్పిన భయం నిజం, మేము రోజూ చూస్తాం. కానీ బట్టీ జవాబు మొదటి ప్రశ్నకే పనికొస్తుంది, మా ఎంపిక రెండో ప్రశ్న నుంచి మొదలవుతుంది. 'టీమ్ వర్క్ నా బలం' అన్నావు, సరే, మీ టీములో ఎవరైనా పని చేయకపోతే ఏం చేశావు? ప్రాజెక్టులో నీ చేత్తో చేసిన భాగం ఏంది? అక్కడ మౌనం. చాలామంది ప్రాజెక్టు కొనుక్కొచ్చి రిపోర్టు బైండింగ్ చేయించుకున్నవాళ్లు, అందులో వాడిన మోటారు రేటింగ్ కూడా చెప్పలేరు. ఇంగ్లీషు రాలేదని మేము ఎవర్నీ వెనక్కి పంపలేదు, తెలుగులో చెప్పమంటాం. తెలుగులో కూడా చెప్పలేనప్పుడు ఏం చేయాలి చెప్పండి.

రెజ్యూమె గురించి మేడమ్ అన్నది అక్షరాలా నిజం. ఫ్రెషర్‌కు ఒక్క పేజీ చాలు. తండ్రి పేరు, మతం, పెళ్లయిందా లేదా అనేవి మాకొద్దు, డిక్లరేషన్ కూడా వద్దు. నెట్‌లో దొరికే రెండు కాలమ్‌ల రంగుల టెంప్లేట్లు, స్కిల్స్‌కు ఐదు చుక్కల్లో నాలుగు నింపడం లాంటివి మానేయండి. పెద్ద కంపెనీల్లో ముందు ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్ చదువుతుంది, కాలమ్‌లూ టేబుళ్లూ ఉంటే అది ఒక లైను ముక్కను ఇంకో లైనులో కలిపేసే ప్రమాదముంది. ఫోన్ నంబరు సరిగా ఉందో లేదో చూసుకోండి. సెలెక్టయిన పిల్లలకు ఫోన్ చేస్తే తగలని సందర్భాలున్నాయి, అప్పుడు నిజంగా బాధేస్తుంది.

పొదిలి నాన్న:

సార్, మేడమ్, మీరు చెప్పేవి బాగున్నాయి. నేను పెద్దగా చదువుకోలేదు, మా వాడు బీటెక్ అయి ఏడాది దాటింది. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి కోర్సు చేస్తున్నాడు. మొన్న ఎవరో కన్సల్టెన్సీ వాళ్లు డబ్బు కడితే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం ఇప్పిస్తామన్నారట. వాడి ఫ్రెండ్స్ ఇద్దరు కట్టారంట. ఎకరం అమ్మనా అని ఆలోచిస్తున్నా. కాలేజీలో ఇవేవీ చెప్పలేదా అంటే ఆప్టిట్యూడ్ చెప్పారు నాన్నా అంటాడు.

కనిగిరి కుర్రోడు:

పెదనాన్నా, దండం పెడతా, పొలం జోలికి పోవద్దు. ఇప్పుడు కంపెనీలు చేరేముందో చేరాకో వెరిఫికేషన్ చేయిస్తాయి. నిజంగా ఉద్యోగం చేసినవాళ్లలో చాలామందికి పీఎఫ్ ఖాతా ఉంటుంది, దానికిచ్చే యూఏఎన్ నంబరు మీద ఏ కంపెనీలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అని సర్వీసు కనిపిస్తుంది. మూడేళ్ల అనుభవం రాసి పీఎఫ్‌లో ఏమీ లేకపోతే అక్కడే దొరికిపోతాడు. ఉద్యోగం ఊడిన తర్వాత ఆ కన్సల్టెన్సీ వాడు ఫోన్ ఎత్తడు. అసలు ఉద్యోగమిచ్చే కంపెనీ మన దగ్గర డబ్బు తీసుకోదు. రిజిస్ట్రేషన్ ఫీజనీ, ల్యాప్‌టాప్ డిపాజిట్టనీ ఏ పేరుతో అడిగినా అనుమానించాల్సిందే. బాబును కేంద్రం వాళ్ల నాట్స్ పోర్టల్‌లో అప్రెంటిస్‌షిప్‌కు పెట్టుకోమనండి, 1961 అప్రెంటిస్ చట్టం కిందే నడుస్తుంది, స్టైపెండ్ వస్తుంది, చెప్పుకోదగ్గ అసలైన అనుభవం వస్తుంది.

కావలి లెక్చరర్:

పొదిలి అన్నగారి పోస్టు చదివాక నా మాట మీద నాకు ఇంకా పట్టుదల పెరిగింది. జవాబులు అద్దెకు తెచ్చుకోవచ్చని మూడో ఏడాదిలో మేమే నేర్పిస్తే, అనుభవం కూడా అద్దెకు దొరుకుతుందని వాడు నమ్మడంలో వింతేముంది? మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టరంతా. ఆ పది నెలలు నిజంగా చేసినవాడికి చెప్పుకోవడానికి కావలసినంత ఉంటుంది. కానీ చాలాచోట్ల సర్టిఫికెట్ తెచ్చి ఫైల్లో పెట్టడంతో సరి. దాన్ని సరిగా చేయిస్తే మాకు ఈ జిరాక్స్ కాగితాలెందుకు?

ఆక్వా ఫైనలియర్:

మేడమ్, నాది బీఎస్సీ ఆక్వా. నేను ఇంటర్న్‌షిప్ నిజంగానే చేశాను, సముద్రం ఒడ్డున రొయ్యల హేచరీలో. రెజ్యూమెలో పెడితే ట్రైనర్ గారు అది తీసేసి కంప్యూటర్ స్కిల్స్, క్విక్ లెర్నర్ అని రాయమన్నారు. ఇప్పుడు ఫీడ్ కంపెనీలో టెక్నీషియన్ పోస్టుకు పిలిచారు. ఏం రాయాలో అర్థం కావడం లేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

శ్రీసిటీ షిఫ్ట్ ఇన్‌చార్జి:

తమ్ముడూ, అక్కడ రోజూ ఏం చేసేవాడివి? ఇంగ్లీషు వదిలెయ్, మీ ఇంట్లో చెప్పినట్టు చెప్పు.

ఆక్వా ఫైనలియర్:

పొద్దున్నే ట్యాంకుల్లో సెలినిటీ (నీళ్లలో ఉప్పు), పీహెచ్, టెంపరేచర్ చూసి రిజిస్టర్‌లో రాసేవాణ్ని సార్. రొయ్య పిల్ల ఎలా తిరుగుతుందో, పేగు నిండుగా ఉందో లేదో మైక్రోస్కోప్‌లో చూసేవాళ్లం. సీడ్, అంటే ఆ పిల్లనే, కొనే రైతు తన చెరువు నీళ్లు తెస్తే ఆయన చెరువు సెలినిటీ కొలిచి, మా ట్యాంకులో మెల్లమెల్లగా మంచినీళ్లు కలుపుతూ పిల్లను దానికి అలవాటు చేసి ప్యాకింగ్ చేసేవాళ్లం. ఒకసారి నీళ్లు మరీ తొందరగా కలిపారు, పిల్ల డల్ అయింది. నేను చూసి సార్‌కి చెప్తే కలపడం ఆపేశారు.

శ్రీసిటీ షిఫ్ట్ ఇన్‌చార్జి:

ఇదే రాయి. క్విక్ లెర్నర్ అని ఒక్కసారి కూడా రాయక్కర్లేదు, ఆ చివరి రెండు వాక్యాలు చదివితే నువ్వు కళ్లు తెరుచుకుని పని చేస్తావని వాళ్లకే తెలుస్తుంది. ఏ ట్యాంకులు, ఎన్ని వారాలు, ఏ పరికరంతో కొలిచావు, ఇవి కూడా చేర్చు. ఫీడ్ కంపెనీ వాళ్లు రైతుల దగ్గరికే పంపుతారు నిన్ను, కాబట్టి రైతుతో మాట్లాడిన సంగతి పైన పెట్టు.

కావలి లెక్చరర్:

ఈ పది నిమిషాల పని ఏ జిరాక్స్ కాగితమూ చేయలేదు. మా కాలేజీలో ప్రతి లెక్చరర్ పదిమంది పిల్లల్ని తీసుకుని, మొదటి ఏడాది నుంచే 'ఈ సెమిస్టర్లో నువ్వేం చేశావు' అని కూర్చోబెట్టి అడిగి రాయించాలని ప్రిన్సిపాల్ గారికి కాగితం పెడుతున్నా. వర్క్‌లోడ్ ఎక్కువవుతుందని మావాళ్లు ఊరుకోరు, తెలుసు. అయినా పెడతా.

కనిగిరి కుర్రోడు:

పెట్టండి మేడమ్, అది మంచిదే. కానీ ఒకటి మర్చిపోకండి, ఆ తమ్ముడు ఇక్కడ తెలుగులో ఇంత చక్కగా చెప్పింది రేపు ఆ గదిలో ఇంగ్లీషులో అడిగితే 'సర్, యాక్చువల్లీ' దగ్గరే ఆగిపోతాడు. అందరూ మన శ్రీసిటీ అన్నలా తెలుగులో చెప్పమనరు. తమ్ముడూ, పైన రాసినదాన్ని నీకొచ్చిన ఇంగ్లీషులో ఆరు వాక్యాలు చేసి ఇక్కడ పెట్టు, రాత్రి డ్యూటీ దిగాక దిద్ది ఇస్తా. దిద్దాక మాత్రం వాటిని బట్టీ పట్టు, నిద్రలో లేపి అడిగినా వచ్చేదాకా. ఆ విషయంలో నేను మారను.