కోబిలిసి ఫైరింగ్ రేంజ్: ‘మరణశిక్ష’ అని రాద్దామా, ‘హత్య’ అనా?

పాతపటం:
ప్రాగ్ ఉత్తరపు కొసన ఉన్న కోబిలిసి ఫైరింగ్ రేంజ్ (సైనికులు తుపాకీ కాల్చడం నేర్చుకునే చోటు) మీద మనం కలిసి రాస్తున్న వ్యాసం ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది. “1942లో ఇక్కడ గోడకు నిలబెట్టి సుమారు 550 మంది చెక్ దేశస్థులకు మరణశిక్ష అమలు చేశారు” అని ఉంది. నేను “హత్య చేశారు” అని దిద్దాను. తెల్లారేసరికి లెక్కలమాస్టారు మళ్ళీ పాత మాటే పెట్టేశారు. కొత్తవాళ్ళ కోసం: జర్మన్లు ఆక్రమించిన చెక్ నేలను ఏలుతున్న నాజీ అధికారి హైడ్రిష్ కారు మీద 1942 మే 27న బాంబు పడింది, జూన్ 4న అతను చచ్చాడు. దానికి పగగా మే 30 నుంచి జూలై 3 దాకా ఈ రేంజ్‌లో దాదాపు రోజూ కాల్పులే. దీన్ని శిక్ష అంటామా?

లెక్కలమాస్టారు:
అంటాం. శిక్ష అన్నంత మాత్రాన న్యాయం జరిగిందని కాదు. పద్ధతి ఏమిటో చెప్పే మాట అది. కోబిలిసికి వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి జర్మన్లు పెట్టిన అత్యవసర కోర్టు తీర్పు ఉంది. ఎర్ర కాగితం మీద జర్మన్‌లోనూ చెక్‌లోనూ పేర్లు అచ్చేసి ఊరంతా అంటించారు. జర్మనీలో డాహౌ నిర్బంధ శిబిరం పక్కన హెబర్ట్స్‌హౌజెన్‌లో ఉన్న ఎస్‌ఎస్ (నాజీల సాయుధ దళం) రేంజ్ చూడండి. 1941–42లో అక్కడ 4000 మందికి పైగా సోవియట్ యుద్ధఖైదీలను కాల్చారు. నాజీ రహస్య పోలీసులైన గెస్టపోవాళ్ళు ఖైదీల శిబిరాలకు వెళ్ళి కమిస్సార్లనీ (సోవియట్ సైన్యంలోని పార్టీ అధికారులు), చదువుకున్నవాళ్ళనీ, యూదులనీ ఏరి తెచ్చారు. కోర్టు లేదు, కాగితం లేదు, పోస్టర్ లేదు. అది హత్య. రెండింటికీ ఒకే మాట వాడితే చదివేవాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

బట్‌మార్కర్:
మీ పదం సంగతి తర్వాత. ముందు ఆ “గోడకు నిలబెట్టి” తీసేయండి. అది రేంజ్. అక్కడ ఉండేది మట్టికట్ట.

కొండదొర_అభిమాని:
1924 మే 7న కొయ్యూరులో అల్లూరిని చెట్టుకు కట్టి కాల్చారు. దాన్ని ఎవడైనా మరణశిక్ష అంటాడా మాస్టారూ?

లెక్కలమాస్టారు:
అనరు. ఎందుకంటే విచారణే జరగలేదు. పారిపోబోయాడని తర్వాత కథ అల్లారు. మీ ఉదాహరణ హెబర్ట్స్‌హౌజెన్ పక్కన కూర్చుంటుంది బాబూ, కోబిలిసి పక్కన కాదు. నా మాటనే మీరు బలపరిచారు.

పాతపటం:
ఆ కోర్టు ఏం కోర్టో కూడా చెప్పండి మరి. దాని ముందు దారులు మూడే: చావు, గెస్టపోకు అప్పగింత, విడుదల. జైలుశిక్ష అన్న మాటే లేదు. అప్పీలు లేదు. జర్మన్ల కింద చెక్ ప్రధానిగా ఉన్న ఎలియాష్ సంగతి చూడండి. ఆయనకైతే వేరే నాజీ కోర్టు, ‘పీపుల్స్ కోర్టు’, 1941 అక్టోబరు 1న మరణశిక్ష వేసింది. ఎనిమిది నెలలకు పైగా బందీగా అట్టేపెట్టుకుని, హైడ్రిష్ పోయాక జూన్ 19న ఇదే రేంజ్‌లో కాల్చారు. తీర్పే కారణమైతే అన్నాళ్ళు ఎందుకు ఆగారు? హైడ్రిష్ చావుకు పగగా జర్మన్లు నాశనం చేసిన లిడిత్సె ఊరివాళ్ళదయితే మరీ ఘోరం. జూన్ 10న ఊళ్ళో 173 మంది మగవాళ్ళను చంపాక, మిగిలిన 26 మందిని 16న కోబిలిసికి తెచ్చారు. అందులో 15 మంది ముందే పట్టుబడిన రెండు కుటుంబాలవాళ్ళు, ఆడవాళ్ళతో సహా. తక్కిన 11 మందిలో ఆ రాత్రి డ్యూటీలో ఉండి ఊళ్ళో దొరకనివాళ్ళున్నారు, పదిహేనేళ్ళు అప్పుడే నిండిన కుర్రాళ్ళు ఇద్దరున్నారు. వీళ్ళ నేరం ఊరిపేరే కదా?

బట్‌మార్కర్:
మళ్ళీ చెప్తున్నా, గోడ కాదు. మౌజర్ రైఫిల్ 7.92 మి.మీ. తూటా పది అడుగుల దూరంలో మనిషి ఛాతీలో ఆగదు, వెనక్కి దూసుకుపోతుంది. వెనక ఇటుక గోడ ఉంటే పెచ్చులు లేచి, తూటా ముక్కలు కాల్చినవాడి మీదికే వస్తాయి. గోడ దగ్గరే కాల్చాల్సివస్తే ముందు ఇసుక బస్తాలో దుంగలో పేర్చాలి. రేంజ్‌లో ఆ పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. కోబిలిసిని ఆస్ట్రియా-హంగరీ సైన్యం 1889–1891 మధ్య, అది ఊరిబయట ఉన్నప్పుడు కట్టింది. ఎదురుగా తూటాలు మింగే ఎత్తైన కట్ట, పక్కదారి పట్టినవాటికి రెండువైపులా కట్టలు. చుట్టుపక్కలవాళ్ళకు కాల్పుల చప్పుడు అలవాటే. లారీ వచ్చే దారి ఉంది, కాపలా ఉంది. జర్మన్లు కొత్తగా కట్టాల్సిందేమీ లేదు. ఇంకోటి: కట్టలో రాళ్ళుండకూడదు. ఒకేచోట వందల తూటాలు దిగితే సీసం ముద్దకట్టి, తర్వాతి తూటా దానికి తగిలి ఎటో జారుతుంది. అందుకే మట్టి తవ్వి, జల్లెడ పట్టి, మళ్ళీ నింపుతుండాలి.

వాల్తేరు_వనజ:
గోడ ఒక్కటేనా, తేదీ కూడా తప్పే. జూలై 3తో ఆగలేదు. హైడ్రిష్ మీద దాడి చేసిన పారాట్రూపర్లు చర్చిలో దాక్కున్నందుకు బాధ్యత తన మీద వేసుకున్న బిషప్ గోరజ్ద్‌ను సెప్టెంబరు 4న అక్కడే కాల్చారు. విచారణ ముందురోజే, 3న.

లెక్కలమాస్టారు:
వనజగారు చెప్పింది నిజం, దిద్దుతాను. పాతపటం గారూ, మీరు కోపంతో పదాలు మారుస్తున్నారు. పోయినసారి లండన్ టవర్ వ్యాసంలోనూ ఇంతే. అక్కడి చిన్న రేంజ్‌లో జర్మన్ గూఢచారులు లోడీని 1914 నవంబరు 6న, యాకోబ్స్‌ను 1941 ఆగస్టు 15న సైనిక కోర్టు తీర్పు మీదే కాల్చారు. కాలి చీలమండ విరిగిన యాకోబ్స్‌ను కుర్చీలో కూర్చోబెట్టారు. మనవాళ్ళు కోహినూర్ చూడ్డానికి వెళ్ళి ఆ సంగతి తెలియకుండానే తిరిగొస్తారు, అది వేరే. అక్కడ మీరు శిక్ష అన్నారు. ఇంగ్లిష్‌వాడు కాలిస్తే శిక్ష, జర్మన్ కాలిస్తే హత్యా?

పాతపటం:
గూఢచారి అని రుజువైనవాడినీ, హైడ్రిష్ మీద దాడి సంగతి విని “బాగా అయింది” అన్న మనిషినీ ఒకే గాటన కట్టడానికి మీకు నోరెలా వచ్చింది? అసలు నా గొడవ పదంతో కాదు. మీరు తయారుచేసిన పట్టికలో మూడో గడి చూడండి. పేరు, పుట్టిన తేదీ, ఆ పక్కన “నేరం”. అందులో ఎర్ర పోస్టర్ మీద మాటే యథాతథంగా దించారు: “దాడిని సమర్థించినందుకు.” ఎనభై ఏళ్ళ తర్వాత తెలుగులో కూడా గెస్టపో రాసిచ్చిన నేరమే ఆ మనుషుల పేరు పక్కన ఉండాలా?

లెక్కలమాస్టారు:
ఉండాలి. ఆ గడి తీసేస్తే ఏం మిగులుతుంది? 550 పేర్లు, ఒక తేదీ. ఎందుకు చంపారో తెలియదు. ఒక్క మాట అన్నందుకు మనిషిని కాల్చారని వాళ్ళ చేత్తో వాళ్ళే అచ్చేసుకున్నారు. దానికి మించిన సాక్ష్యం ఎక్కడ తెస్తారు? హెబర్ట్స్‌హౌజెన్‌లో అలాంటి కాగితం అంటించలేదు కాబట్టే చాలామంది పేర్లు ఈనాటికీ తెలియవు.

పాతపటం:
సాక్ష్యమైతే సాక్ష్యంగా పెట్టండి. “నేరం” అన్న శీర్షిక మీది, వాళ్ళది కాదు.

కొండదొర_అభిమాని:
ఇది ముందే చెప్తే సగం గొడవ తప్పేది.

లెక్కలమాస్టారు:
సరే. గడి ఉంటుంది, శీర్షిక “పోస్టర్‌లో చూపిన కారణం” అని మారుస్తా. లిడిత్సె 26 మందికి విడి వాక్యం, అందులో “హత్య” అనే రాస్తా. మిగతావాళ్ళకు “అత్యవసర కోర్టు తీర్పుతో కాల్చి చంపారు”. ఆ కోర్టుకున్న మూడు దారులూ అక్కడే చెప్దాం.

పాతపటం:
ఎలియాష్‌ది?

లెక్కలమాస్టారు:
రెండు తేదీలూ పక్కపక్కన పెడతా. చదివేవాళ్ళే లెక్క కట్టుకుంటారు.

బట్‌మార్కర్:
ఇప్పుడే తెరిచి చూశా. గోడ ఇంకా అలాగే ఉంది.