అప్‌డేట్: పారామెడిక్ కోర్సు అయిపోయింది, పరీక్ష పాసయ్యాను

ఫీజు తక్కువని ఎక్కువ భాగం ఆన్‌లైన్‌లో చెప్పే కోర్సులో చేరాలా, అంబులెన్స్ డ్యూటీలు ఎక్కువ వేసే చోట చేరాలా అని ఆ మధ్య అడిగాను కదా. రెండోదాంట్లోనే చేరాను. మీరు చెప్పినట్టే కోర్సుకు గుర్తింపు ఉందా, పోయిన బ్యాచ్‌లో ఎంతమంది మొదటిసారికే సర్టిఫికేషన్ పాసయ్యారు అని రెండుచోట్లా అడిగాను. ఆన్‌లైన్ వాళ్లు రెండో ప్రశ్న దాటేశారు. నాకు అక్కడే తేలిపోయింది.

రాతపరీక్ష కన్నా ప్రాక్టికల్‌కే ఎక్కువ భయపడ్డాను. బొమ్మ మీద సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) అంటే నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకి నొక్కాలి, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి రానివ్వాలి. రెండో నిమిషం వచ్చేసరికి నా చేతులు వణికి లోతు తగ్గిపోయేది. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలని ఎందుకంటారో అప్పుడు ఒంటికి తెలిసింది. గుండె కొట్టుకునే తీరు చూపించే ఈసీజీ అయితే రోజూ పది స్ట్రిప్పులు (ఆ గీతలుండే కాగితం ముక్కలు) చదివాకే పట్టుబడింది.

పోయిన వారం ఫలితాలొచ్చాయి. ఏసీఎల్‌ఎస్ (గుండె ఆగడం లాంటి అత్యవసరాల్లో చేసే చికిత్సలో శిక్షణ) కార్డు రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి రెన్యూవల్ తేదీ ఇప్పుడే రాసిపెట్టుకున్నాను.

డ్యూటీలో ఒకరోజు, ఆయాసపడుతున్న ఒక పెద్దాయన ఆక్సిజన్ మాస్క్ పెట్టాక కూడా ఆసుపత్రి వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు. ఆ కోర్సే ఎంచుకోమని గట్టిగా చెప్పినవాళ్లందరికీ మనస్ఫూర్తిగా థాంక్స్.