అన్నయ్య గైడ్ డాగ్ రిటైర్ అవుతోంది, ఫోన్‌లో ఏం మాట్లాడాలో తెలియట్లేదు

పర్లాకిమిడి_పిల్ల:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మాది పర్లాకిమిడి, ఇంట్లో తెలుగే. మా అన్నయ్యకి పుట్టుకతోనే చూపు లేదు. చదువుకుని న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నాడు, పెళ్లి కాలేదు, ఒక్కడే ఉంటాడు. ఒక్కడే అంటే డైసీతో. డైసీ తన గైడ్ డాగ్, అంటే చూపులేనివాళ్లకి దారి చూపే కుక్క, నల్ల లాబ్రడార్. అక్కడ మోరిస్‌టౌన్‌లో సీయింగ్ ఐ అనే సంస్థ ఉంది, 1929లో మొదలైందట, వాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకున్నాడు. ఎనిమిదేళ్లుగా ఆఫీసు, బస్సు, కూరగాయల షాపు, ఎక్కడికెళ్లినా తన ఎడమ పక్కన అదే.

ఇప్పుడు దానికి పదేళ్లు. మెట్లు దిగాలంటే ఆగి ఆలోచిస్తోందట. మొన్నామధ్య రోడ్డు దాటుతుంటే చప్పుడు లేని ఎలక్ట్రిక్ కారు మలుపు తిరిగి వచ్చిందట, మామూలుగా అయితే అన్నయ్య ముందుకు పదమన్నా డైసీ కదలదు, ఆరోజు కదిలింది. పక్కనున్న ఎవరో ఆవిడ అన్నయ్య చొక్కా పట్టుకుని వెనక్కి లాగిందట. ఈ సంగతి రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు, చెబితే డైసీని మాన్పించేస్తారని. ఆఖరికి తనే వాళ్లకి ఫోన్ చేసి చెప్పాడు. వచ్చే నెలలో రిటైర్మెంట్.

నేను చేసిన తప్పు ఇది. ఏడుస్తుంటే ఏమనాలో తోచక "పోనీలే అన్నయ్యా, ఇంకో కుక్కని ఇస్తారుగా" అన్నాను. ఫోన్ పెట్టేశాడు. తర్వాత ఆఫీసు పనుంది అని మెసేజ్, అప్పట్నుంచి రెండు ముక్కల్లోనే జవాబులు. అమ్మేమో "కుక్క కోసం అంత ఏడుపేమిటే, నాన్న పోయినప్పుడు కూడా వాడు ఇలా ఏడవలేదు" అంటోంది. అదీ నిజమే, అందుకే నాకు ఇంకా భయంగా ఉంది.

డైసీని పెంపుడు కుక్కలా తన దగ్గరే ఉంచుకోవచ్చట, తెలిసినవాళ్లకి ఇవ్వొచ్చట, తిరిగి సంస్థకి ఇస్తే మంచి ఇల్లు చూస్తారట. ఏదీ తేల్చుకోలేకపోతున్నాడు. ఇంత దూరం నుంచి నేనేం చెయ్యగలను?

రాయగడ_మాస్టారు:

అమ్మా, నాకూ చూపు లేదు. నోటితో చెప్పి టైప్ చేయిస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. నాది తెల్లకర్ర. మన వైపు గైడ్ డాగ్ ఎందుకు కనపడదు అంటే, వీధికి పది ఊరకుక్కలు, నాలుగడుగులు వెయ్యనిస్తాయా దాన్ని.

కర్రకీ కుక్కకీ తేడా తెలిస్తే మీ అన్నగారి బాధ సగం అర్థమవుతుంది. సంతలో ఎవరో గుమ్మడికాయల బుట్ట దారిలో పెట్టారనుకోండి, నా కర్ర దానికి తగిలాకే నాకు తెలుస్తుంది, తగిలాక అమ్మేవాళ్లు తిడతారు, నేను క్షమించమని చుట్టూ తడుముకుంటూ వెళ్తాను. కుక్క అయితే ఆ బుట్ట పక్కనుంచి తిప్పి తీసుకుపోతుంది, అక్కడ బుట్ట ఉందన్న సంగతే మనిషికి తెలియదు. ఎనిమిదేళ్లు అలా నడిచిన మనిషి మళ్లీ ఎంత కాలమో కర్ర పట్టుకోవాలి, కొత్త కుక్క వెంటనే దొరకాలని లేదు కదా. అంటే ఆయనకి పోయేది ఒక్క డైసీ కాదు, తన నడక కూడా.

నా చిన్నప్పుడు బడికి నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది మా చెల్లెలు. దాని పెళ్లయి శ్రీకాకుళం వెళ్లిపోయిన రోజు అందరూ ఆడపిల్ల అత్తారింటికి పోతోందని ఏడ్చారు, నేను రేపు బజారుకి ఎలా వెళ్లాలి అని ఏడ్చాను, అలా ఏడ్చినందుకు సిగ్గుపడి ఇంకా ఏడ్చాను. మీ అన్నకి కూడా అలాంటి సిగ్గు ఏదో ఉండే ఉంటుంది. అడక్కండి, ఆయనే చెబితే వినండి.

నిజం_చెప్తా:

ఏమీ అనుకోవద్దు. ముసలి తల్లిదండ్రుల్ని పట్టించుకునే దిక్కు లేదు, కుక్క రిటైర్మెంట్‌కి ఇంత చర్చా? అక్కడ దానికి ఏసీ, డాక్టరు, అన్నీ ఉంటాయి. మనవాళ్లకే లేవు.

జయపురం_హ్యాండ్లర్:

పైనున్న పెద్దమనిషికి: పట్టించుకునేవాడు రెండిటినీ పట్టించుకుంటాడు బాబూ.

పర్లాకిమిడి చెల్లెమ్మకి. నేను పోలీసు డాగ్ స్క్వాడ్‌లో చేసి వచ్చాను. మా పని వేరు, మందుపాతర వాసన పట్టడం. మల్కన్‌గిరి వైపు రోడ్ల మీద నాకంటే పది గజాలు ముందు నా కుక్క నడిచేది, అది కూర్చుంటే మేమంతా ఆగిపోయేవాళ్లం. దాని వయసైపోయాక నాకు కొత్త కుక్కనిచ్చారు. పొద్దున్నే జీపు స్టార్ట్ అయిన చప్పుడు వినగానే పాతది కెన్నెల్ తలుపు దగ్గరికొచ్చి నిలబడేది. నేను కొత్తదాన్ని ఎక్కించుకుని దాని ముందునుంచే వెళ్లేవాణ్ణి. ఎన్ని ఏళ్లయినా ఆ చూపు మర్చిపోలేదు. మీ అన్నయ్యకి చూపు కనపడదు, కానీ గొలుసు చప్పుడు వినపడుతుంది కదా, అది వచ్చి తలుపు దగ్గర నిలబడ్డం తెలుస్తుంది కదా.

అందుకని ఉంచుకునేట్టయితే రెండు మాటలు చెప్పండి. కొత్తదాన్ని తీసుకుని బయల్దేరే ముందే పాతదాన్ని ఎవరైనా పక్కింటివాళ్లు షికారుకి తీసుకెళ్తే మంచిది, అది తిరిగొచ్చేసరికి వీళ్లు వెళ్లిపోయి ఉంటారు. రెండోది, దానికి రోజూ ఒక చిన్న పని ఉండాలి. నేను నా పాత చేతిరుమాలు కెన్నెల్ వెనక దాచి వెతకమనేవాణ్ణి, దొరకగానే తోక ఊపుకుంటూ తెచ్చిచ్చేది, బిస్కెట్టు పెట్టేవాణ్ణి. జీవితమంతా పని చేసిన కుక్కకి పని లేకపోవడమే రోగం. హార్నెస్, అదే డ్యూటీలో ఒంటికి తొడిగే పట్టీ, మాత్రం మళ్లీ తొడగొద్దని చెప్పండి, ముద్దుకి కూడా. మళ్లీ డ్యూటీ అనుకుంటుంది పాపం.

బరంపురం_టు_బర్మింగ్‌హామ్:

ఇది నా కథే, అందుకే రాస్తున్నా. ఇక్కడ ఇంగ్లండ్‌లో నాది రెండో గైడ్ డాగ్. మొదటిదాన్ని నేను ఉంచుకోలేదు. ఉద్యోగం, చిన్న ఫ్లాటు, రెండు పెద్ద కుక్కలు, ఆఫీసుకి వెళ్లేది ఒక్కదానితోనే. పైగా రిటైరైన కుక్క గైడ్ డాగ్ కాదు కాబట్టి నిన్నటిదాకా నాతో దర్జాగా షాపులోకి వచ్చింది ఇవాళ గుమ్మం బయటే ఆగిపోవాలి. రోజంతా ఒంటరిగా వదిలేసి వెళ్లడం దానికి శిక్ష అనిపించింది. బాగా తెలిసిన దంపతులు ఇంట్లోనే ఉంటారు, వాళ్లకి ఇచ్చాను. ఇచ్చిన రాత్రి, అమ్మేసినట్టు అనిపించింది. మూడు నెలలు వాళ్లింటికి వెళ్లలేదు, వెళ్తే నాతో వచ్చేస్తుందేమో అని భయం. తీరా వెళ్తే వచ్చి నా ఒళ్లంతా నాకి, తర్వాత వెళ్లి వాళ్ల సోఫా ఎక్కి పడుకుంది! సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

ఇంకోటి ఎవరూ చెప్పరు. కొత్త కుక్క మీద కోపం వస్తుంది. నాకు వచ్చింది. ఆరు నెలలు దాన్ని పాతదాని పేరుతో పిలిచాను, పాతది మందుల షాపు దగ్గర తనంతట తనే తిరిగేది, ఇది తిన్నగా పోయేది, దానికేం తెలుసు పాపం, నేను విసుక్కునేదాన్ని. దాదాపు ఏడాది పట్టింది ఇద్దరికీ కుదరడానికి. మీ అన్నయ్య ముందు ముందు కొత్తది బాగాలేదు అంటే మీరు వెంటనే సర్దిచెప్పకండి.

ఇప్పటికి మాత్రం డైసీ గురించే అడగండి. ఎలా ఉన్నావు అని కాదు, దాని గురించి. మొదటిరోజు ఏం చేసింది, ఏ దారంటే ఇష్టం, వానొస్తే ఏం చేస్తుంది. నాకు అలా అడిగినవాళ్లు ఇద్దరే ఇద్దరు.

పర్లాకిమిడి_పిల్ల:

అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి ఫోన్ చేసి "అన్నయ్యా, డైసీ మొదటిసారి నీతో బయటికొచ్చిన రోజు ఏం జరిగింది" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నలభై నిమిషాలు ఆపలేదు. ట్రైనింగ్ అయ్యి ఇంటికొచ్చిన రోజు మంచు పడుతోందట, తను ఫుట్‌పాత్ ఏదో రోడ్డేదో తెలియక ఆగిపోతే అది మెల్లగా ఎడమకి లాగి ఇంటి మెట్ల దగ్గర నిలబెట్టిందట. అప్పటిదాకా తను జీవితంలో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఇంటికి చేరలేదట. ఈ ముక్క ఎనిమిదేళ్లలో మాకెప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

హ్యాండ్లర్ అన్నయ్య గారు చెప్పిన రుమాలు ఆట చెప్పాను, రాసుకున్నాడు. డైసీని ఉంచుకుందామనే ఉందట, పగలు దాన్ని చూసే మనిషి దొరకాలి, అదే సమస్య.

అమ్మ పక్కన కూర్చుని స్పీకర్‌లో అంతా వింది. ఏమీ అనలేదు. పెట్టేసే ముందు మాత్రం ఫోన్ లాక్కుని "అది పెరుగన్నం తింటుందేంట్రా?" అని అడిగింది. తింటుందన్నాడు.

ఇంకో సందేహం, దీనికి సంబంధం లేదనుకోకండి. అమ్మ పాస్‌పోర్టు గడువు అయిపోయింది. రెన్యూవల్‌కి బరంపురంలో అవుతుందా, భువనేశ్వర్ దాకా వెళ్లాలా? ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.