'మిహి ఫీలియ ఎస్ట్' - ఇందులో కర్త ఎవరు?

లాటిన్ కొత్తగా మొదలుపెట్టానండీ, ఇంగ్లిష్ పుస్తకంతో. 'మిహి ఫీలియ ఎస్ట్' అనే వాక్యానికి 'ఐ హావ్ ఎ డాటర్' అని అర్థం ఇచ్చారు. 'నేను'కి లాటిన్‌లో 'ఎగొ' కదా, అది ఇందులో ఎక్కడా లేదు. మరి కర్త ఎవరు? రెండు రోజులుగా ఇక్కడే ఆగిపోయాను, విభక్తుల పట్టిక చూస్తేనే టెన్షన్ వస్తోంది.

↳ ఆ ఇంగ్లిష్ అర్థాన్ని పక్కన పెట్టి మాటకు మాట తెలుగు వేసి చూడండి. మిహి అంటే నాకు, ఫీలియ అంటే కూతురు, ఎస్ట్ అంటే ఉంది. నాకు కూతురు ఉంది! మాటల వరస కూడా మారలేదు. కర్త కూతురే, అందుకే ఇద్దరుంటే క్రియ మారి 'మిహి దుఅయ్ ఫీలియయ్ సుంట్' అవుతుంది, మనం 'ఉన్నారు' అన్నట్టే. 'మిహి ప్లకెట్' అన్నా అంతే, 'నాకు నచ్చుతుంది'. ఇక 'ఎగొ' మామూలుగా అక్కర్లేదు. 'అమో' అంటే ప్రేమిస్తాను, 'అమాస్' అంటే ప్రేమిస్తావు, ఎవరన్నది క్రియ చివరే తెలిసిపోతుంది.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త. బడిలో 'కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ షష్ఠీ విభక్తి' అని బట్టీ పట్టాం కాబట్టి 'మిహి'ని షష్ఠి అనుకునే ప్రమాదం ఉంది. లాటిన్‌లో 'కు'కి ఒక విభక్తి, 'యొక్క'కి ఇంకొకటి, 'మిహి' సంస్కృతం లెక్కలో చతుర్థి. అయితే 'ఫీలియ' లాంటి మాటల్లో ఈ రెండు రూపాలూ ఒకటే: 'ఫీలియయ్' అంటే కూతురికి, కూతురి యొక్క, పైగా కూతుళ్లు కూడా! ఏ అర్థమో వాక్యం మొత్తం చదివితే గానీ తేలదు. చేతన్, తోడన్, వలనన్ అర్థాలు చాలావరకు అబ్లేటివ్ అనే ఒకే విభక్తిలో కలిసిపోయాయి, సప్తమి కూడా దాదాపు అందులోకే పోయి 'రోమయ్' (రోములో), 'దొమీ' (ఇంట్లో) లాంటి కొద్ది మాటల్లో మిగిలింది.

↳ అబ్బ, ఇప్పుడు అర్థమైందండీ. ఇంకో సందేహం, అచ్చుల మీద అడ్డగీతలుంటున్నాయి, వాటిని పట్టించుకోవాలా?

↳ తప్పకుండా. అది మన దీర్ఘమే. 'లిబెర్' అంటే పుస్తకం, 'లీబెర్' అంటే స్వేచ్ఛ గలవాడు. 'వెనిట్' వస్తాడు, 'వేనిట్' వచ్చాడు. 'ఫీలియ' కూతురు, 'కుమ్ ఫీలియా' కూతురితో. మీ నోట్సు తెలుగు లిపిలో రాసుకోండి, మనకి ఎ-ఏ, ఒ-ఓ విడివిడిగా ఉన్నాయి, హిందీ లిపిలో రాసుకునేవాళ్లకి ఈ సుఖం లేదు. 'వ'ని మాత్రం పెదాలు గుండ్రంగా చుట్టి పలకండి.

↳ అయితే 'మిహి లిబెర్ ఎస్ట్, ఫీలియయ్ నోన్ ఎస్ట్'. నాకు పుస్తకం ఉంది, కూతురికి లేదు. సరేనా?

↳ సరిగ్గా ఉందండి. ముందు 'మిహి' పెట్టారు కాబట్టి 'ఫీలియయ్' కూడా 'కూతురికి' అనే తెలిసిపోయింది.